కవచం లోపల కాస్త చల్లదనం!

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు మన పెద్దవాళ్లు. ఆ రోజుల్లో మనం ఇంట్లో పల్చటి నూలు చీర కట్టుకుని, ఫ్యాన్ కింద కూర్చున్నా ‘ఉస్సురు’మంటూనే ఉంటాం. మరి అదే ఎండలో మందపాటి కోటు, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు, తలకు హెల్మెట్, ముఖానికి మాస్కు పెట్టుకుని పనిచేసేవాళ్ల మాటేమిటి? ఎప్పుడైనా ఆలోచించారా?

వాళ్లెవరో పరాయివాళ్లు కాదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో కొలిమి ముందు నిలబడే మీ అన్నయ్య కావచ్చు. సింగరేణిలో పనిచేసే మీ మరిది కావచ్చు. పత్తిచేలో, మిరపతోటలో మందు కొట్టే మీవారు కావచ్చు. ఫైరింజన్ మీద వెళ్లే మీ తమ్ముడు కావచ్చు. అంతెందుకు, 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వార్డుల్లో పీపీఈ కిట్లు తొడుక్కుని, గంటల తరబడి గుక్కెడు మంచినీళ్లు కూడా తాగే వీలులేక పనిచేసిన నర్సమ్మల్లో మీ అమ్మాయో, మీ పక్కింటమ్మాయో ఉండే ఉంటుంది. ఆ కిట్టు విప్పగానే ఒళ్లంతా తడిసి ముద్దయి, వేళ్లు నానిపోయి ఎలా ఉండేదో వాళ్లనడిగితే కథలు కథలుగా చెబుతారు.

ఇలాంటి దుస్తులు ప్రాణాన్ని కాపాడేవే. కాకపోతే విషాన్నో, మంటనో, రోగాన్నో లోపలికి రానివ్వని ఆ గుడ్డే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఉక్క భరించలేక విప్పేస్తే అసలు ప్రమాదం మీద పడుతుంది. విప్పకపోతే వడదెబ్బ! ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నమాట. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి పురుగుమందు కొడుతూ ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇక వడదెబ్బ సంగతంటారా, ఒక్క 2015 మే నెలలోనే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండువేల పైచిలుకు మంది బలయ్యారు. అందుకే, కవచం విప్పకుండా లోపల చల్లగా ఉంచే మార్గాలేమిటో మన ఇల్లాళ్లం తెలుసుకుని తీరాలి. ఇందులో సగం పని మన వంటింట్లోనూ, కుట్టుమిషన్ దగ్గరా అయ్యేదే!

కుండకు పాలిథిన్ చుడితే...

ఒంటి వేడి ఎలా తగ్గుతుందో తెలియాలంటే మన మట్టికుండనే చూడండి. కుండకు ఉండే సన్నని రంధ్రాల్లోంచి నీళ్లు చెమర్చి, గాలికి ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి. అందుకే కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. మన ఒళ్లూ అంతే. చెమట పట్టినందువల్ల చల్లబడం, ఆ చెమట ఆరినందువల్ల చల్లబడతాం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. (డైటింగ్ పుస్తకాల్లో లెక్కపెట్టే కేలరీలే ఇవి.) ఓ మోస్తరు బరువు పని చేసే మనిషి ఒంట్లో గంటకు పుట్టే వేడి 250, 300 కేలరీల దాకా ఉంటుంది. అంటే గంటకు అరలీటరు చెమట చక్కగా ఆరితే చాలు, ఒళ్లు తన వేడిని తానే సర్దుకుంటుంది.

ఇప్పుడు అదే కుండకు చుట్టూ పాలిథిన్ కవరు గట్టిగా చుట్టేశారనుకోండి. నీళ్లు చెమరుస్తాయి గానీ ఆరవు. కుండ చల్లబడదు. మందు కొట్టే కోటులోనూ, పీపీఈ కిట్టులోనూ జరిగేది సరిగ్గా ఇదే. చెమట ధారలుగా కారుతుంది, బట్టలు తడుస్తాయి, ఒంట్లో నీళ్లు తరిగిపోతాయి. వేడి మాత్రం అంగుళం కదలదు. పైగా చెమటతో నానిన చర్మం పురుగుమందును మరింత త్వరగా పీల్చుకుంటుంది కూడా.

కనుక కవచం లోపల చల్లదనం కావాలంటే చెమటను నమ్ముకుంటే లాభంలేదు. వేరే దారి చూడాలి.

బజారులో ఏమేం ఉన్నాయి?

ఇలాంటివాళ్ల కోసం రకరకాల చలువ బనియన్లు తయారుచేశారు. కొనేముందు ఏది దేనికి పనికొస్తుందో తెలుసుకోవడం మంచిది. లేకపోతే డబ్బు దండగ.

మొదటి రకం తడి బనియన్. నీళ్లలో ముంచి, పిండి తొడుక్కుంటారు. ఆరుతున్నకొద్దీ చల్లగా ఉంటుంది. ఇది మన వట్టివేళ్ల తడక లాంటిది. రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల పొడి ఎండకు బాగా పనిచేస్తుంది. విశాఖపట్నంలోనో, మచిలీపట్నంలోనో సముద్రపు ఉక్కకు అంతగా పనిచెయ్యదు. అక్కడ ఎయిర్ కూలర్ పెట్టుకుంటే గది చల్లబడకుండా జిడ్డు జిడ్డుగా అవుతుంది చూడండి, అదే కారణం. ఇక గాలి చొరబడని కోటు లోపల తొడిగితే అసలు పనిచెయ్యదు. పాలిథిన్ చుట్టిన కుండేనాయె!

రెండో రకం ఐస్ బనియన్. జేబుల్లో గడ్డకట్టిన ప్యాకెట్లు పెట్టుకునేది. దీనికి గాలితో, చెమటతో పనిలేదు. కిలో ఐసు కరిగి, ఆ నీళ్లు ఒంటి వేడికి వచ్చేలోపు సుమారు 110 కేలరీల వేడిని తాగేస్తాయి. రెండు కిలోలు పెడితే 220. గంటసేపు పనిలో పుట్టే వేడిలో చాలా భాగం అన్నమాట! కాకపోతే ఈ చల్లదనంలో కొంత బయటి గాలికే పోతుంది. బరువు కూడా మొయ్యాలి.

మూడో రకం కాస్త ఖరీదైనది. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం మనకందరికీ తెలిసిందే కదూ! దాన్ని మళ్లీ ఎండలో పెడితే వేడి పీల్చుకుంటూ నెమ్మదిగా కరుగుతుంది. అచ్చం అలాగే పదిహేను నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట గడ్డకట్టే మైనం లాంటి పదార్థాలను ప్యాకెట్లలో నింపి బనియన్లో పెడతారు. వీటికి డీప్ ఫ్రీజర్ అక్కర్లేదు. చాలా రకాలు ఐసునీళ్లలో వేసినా మళ్లీ గడ్డకడతాయి. ఐసులా చర్మాన్ని కొరకవు. కానీ అంతే బరువున్న ఐసు తీసినంత వేడిని తియ్యలేవు.

నాలుగోది ఫ్యాన్ చొక్కా. నడుము దగ్గర రెండు చిన్న బ్యాటరీ ఫ్యాన్లు బిగించి ఉంటాయి. జపాన్‌లో ఇళ్లు కట్టే కూలీలు, రోడ్డు పనివాళ్లు వీటిని తెగ వాడుతున్నారు. చొక్కా బుడగలా ఉబ్బి, లోపల గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది. మంచిదే. కానీ బయటి గాలినే లోపలికి లాగుతుంది కాబట్టి పురుగుమందు దగ్గరా, దుమ్ము దగ్గరా, నిప్పురవ్వలు ఎగిరే చోటా వాడనేకూడదు.

ఐదోది నీటిగొట్టాల బనియన్. దీని వెనక ఓ చిత్రమైన కథ ఉంది. 1966 జూన్‌లో యూజీన్ సెర్నన్ అనే అమెరికా వ్యోమగామి జెమిని 9 నౌకలోంచి బయటికొచ్చి అంతరిక్షంలో రెండు గంటలకు పైగా గడిపాడు. ఆయన దుస్తుల్లోకి చల్లగాలి పంపే ఏర్పాటు ఉన్నా చాలలేదు. ఒళ్లు వేడెక్కి, గుండె దడదడలాడి, హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టి కళ్లు కనపడకుండా పోయాయి. అనుకున్న పని మధ్యలో ఆపి, తిరిగి నౌకలోకి వెళ్లాల్సొచ్చింది. ఆ తర్వాత చంద్రుడి మీద నడిచినవాళ్లకు, ఒంటిని అంటిపెట్టుకుని సన్నని గొట్టాల్లో చల్లని నీళ్లు పారే లోదుస్తులు ఇచ్చారు. నేటి వ్యోమగాముల లోదుస్తుల్లో ఇలాంటి గొట్టం దాదాపు 90 మీటర్లు ఉంటుంది! పంపు, నీళ్లు, బ్యాటరీ కావాలి కాబట్టి ఇది మనలాంటి ఇళ్లకు అందేది కాదు. పెద్ద పెద్ద సంస్థలకే.

ఇవికాక ఏసీ హెల్మెట్లు కూడా వచ్చాయి. గుజరాత్‌లోని వడోదరలో 2024 వేసవిలో ట్రాఫిక్ పోలీసులకు బ్యాటరీతో నడిచే ఇలాంటి హెల్మెట్లు ఇచ్చారు.

మీ చేత్తో కుట్టిన ఐస్ బనియన్

ఇంట్లో కుట్టుమిషన్, ఫ్రిజ్ ఉంటే ఐస్ బనియన్ మనమే చేసుకోవచ్చు. పెద్ద పనేం కాదు.

కావలసినవి: మీవారి పాత నూలు బనియన్ ఒకటి (చేతుల్లేనిది), పాత టర్కీ తువ్వాలు ఒకటి, మందపాటి దుప్పటి గుడ్డ ముక్కలు, నాడాలు నాలుగు, జిప్ మూతి ఉన్న మందపాటి ప్లాస్టిక్ కవర్లు ఎనిమిది.

బనియన్‌ను రెండు పక్కలా కత్తిరించి విప్పండి. అప్పుడు మెడలోంచి వేసుకుని పక్కన నాడాలు ముడేసుకునేందుకు వీలవుతుంది. ఒంటికి తగిలే వైపు తువ్వాలు గుడ్డతో లైనింగు వెయ్యండి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు మరి! బయటివైపు దుప్పటి గుడ్డను రెండు పొరలుగా మడిచి, అడ్డం 6 అంగుళాలు, నిలువు 8 అంగుళాల జేబులు ముందు నాలుగు, వెనక నాలుగు కుట్టండి. జేబు పైన మూత కూడా పెడితే ప్యాకెట్లు జారిపోవు. బయట రెండు పొరలు ఎందుకంటే, చల్లదనం బయటికి పోకుండా ఒంటి వైపే ఉండటానికి.

కవర్లలో పావులీటరు చొప్పున నీళ్లు పోయండి. గడ్డకడితే నీరు ఉబ్బుతుంది కాబట్టి కవరు ముప్పావు వంతుకు మించి నింపకండి. గాలి తీసేసి జిప్ నొక్కి, ఒకసారి తలకిందులుగా పట్టి కారుతోందేమో చూడండి. రాత్రే ఒక పళ్లెంలో పల్చగా పరిచి ఫ్రీజర్లో పెడితే, పొద్దున్నకి పలకల్లా తయారవుతాయి. ముద్దలా గడ్డకడితే ఒంటికి గుచ్చుకుంటుంది. రెండు జతలు చేస్తే ఒకటి కరిగేసరికి రెండోది వేసుకోవచ్చు. రెండో జతను థర్మోకోల్ పెట్టెలో పెట్టి పంపండి. అది లేదా? పూర్వం ఐసుబండివాడు రంపపు పొట్టులో ఐసు దాచేవాడు గుర్తుందా! గోనెసంచీలో పొట్టు గానీ ఊక గానీ నింపి, మధ్యలో ప్యాకెట్లు పెడితే మధ్యాహ్నానికి కూడా కొంత మిగులుతుంది.

ఒక్క మాట. ఫ్యాక్టరీలో, గనిలో పనిచేసేవాళ్లు అక్కడి సేఫ్టీ ఆఫీసరుకు చెప్పకుండా కంపెనీ దుస్తుల కింద ఏదీ తొడగకూడదు. కోటు సరిగా మూసుకోకపోయినా, నాడా ఏ యంత్రంలోనో చిక్కుకున్నా మొదటికే మోసం. కొలిమి దగ్గరా, మంటల దగ్గరా తడి బట్టలు అసలే పనికిరావు. ఆ తడి ఆవిరై ఒళ్లు కాలుస్తుంది. నిప్పురవ్వలు పడే చోట లోపల నైలాన్, పాలిస్టర్ బట్టలూ వద్దు, కరిగి చర్మానికి అతుక్కుంటాయి. అలాంటిచోట పని ఆపి బయటికి వచ్చాక, విశ్రాంతి వేళలో మాత్రమే ఐస్ బనియన్ వేసుకోవాలి.

బకెట్టు నీళ్ల మహిమ

ఖర్చు లేని చిట్కా ఒకటి చెప్పనా? విశ్రాంతి తీసుకునేటప్పుడు కోటు విప్పి, నీడలో కూర్చుని, రెండు చేతులూ మోచేతుల దాకా బకెట్టు చల్లనీళ్లలో పదిహేను, ఇరవై నిమిషాలు ముంచి ఉంచడం! అరచేతుల్లో, ముంజేతుల్లో రక్తనాళాలు చర్మానికి బాగా దగ్గరగా ఉంటాయి. ఒంట్లోని వేడి రక్తం అక్కడికొచ్చి, చల్లబడి తిరిగి వెళుతుంది. కొన్ని దేశాల్లో అగ్నిమాపక సిబ్బంది కోసం చేతులు పెట్టుకునే చోట నీటితొట్టెలున్న మడతకుర్చీలే ఉన్నాయి. మనకు బకెట్టు చాలు. కుండనీళ్లయినా సరే, గుప్పెడు ఐసుముక్కలు వేస్తే మరీ మంచిది. పురుగుమందు కొట్టినవాళ్లు మాత్రం ముందు సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కున్నాకే ముంచాలి. ఆ బకెట్టు ఇంటి వాడకానికి తేకండి.

మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకోవడం కూడా మంచిదే, గాలి తగిలే చోటయితే. వడగాలి వీచేటప్పుడు పొడి ఒంటి మీద ఫ్యాన్ పెట్టుకున్నా వేడే తగులుతుంది. ఒళ్లు తడిపి, అప్పుడు ఫ్యాన్ పెట్టాలి.

క్యారియర్‌తో పాటు ఏం పంపాలి?

ఎండలో ఇలాంటి పని చేసేవాళ్లు దాహం వేసేదాకా ఆగకూడదు. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగాలి. అలాగని కడవలకొద్దీ తాగినా ముప్పే. గంటకు లీటరున్నర మించకూడదు.

మజ్జిగ: కప్పు పెరుగుకు నాలుగు కప్పుల నీళ్లు పోసి చిలికి, చిటికెడు ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నిమ్మరసం కలపండి. ఫ్లాస్కులో ఐసుముక్కలు వేసి పంపండి. లేకపోతే ఎండకు పులిసిపోతుంది.

ఉప్పు - చక్కెర నీళ్లు: కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడే. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ ప్యాకెట్ అయితే దానిమీద రాసినన్ని నీళ్లే కలపాలి.

రాగి అంబలి: రెండు పెద్ద చెంచాల రాగిపిండిని చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మూడు గ్లాసుల నీళ్లలో పోసి ఉడికించండి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలపండి. పొద్దున్నే ఇది తాగి వెళితే కడుపు తేలిగ్గా, నిండుగా ఉంటుంది.

వేపుళ్లు, మసాలా కూరలు రాత్రికి ఉంచుకోండి. పగలు పప్పు, ఆనపకాయ, దోసకాయ, పెరుగన్నం చాలు. బీపీ, కిడ్నీ జబ్బు, షుగరు ఉన్నవాళ్లు ఉప్పు, చక్కెర సంగతి డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. ఇంకో మాట... ముందురోజు రాత్రి ‘మందు’ పుచ్చుకున్న మనిషి మర్నాడు ఎండకు త్వరగా పడిపోతాడు. ఈ సంగతి మీవారికి మెల్లగా, సమయం చూసి చెప్పండి!

ఇంట్లో బరువు చూసే మిషన్ ఉంటే పనికి వెళ్లేముందూ, వచ్చాకా తూయండి. కిలో తగ్గితే లీటరు నీళ్లు పోయాయన్నమాట. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే తాగింది చాలలేదని గుర్తు.

కొత్తగా చేరినవాళ్లు జాగ్రత్త

ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు, జబ్బుపడి లేచినవాళ్లు, సెలవు మీద వెళ్లొచ్చినవాళ్లు మొదటి రోజే పూర్తి పని చేస్తే ప్రమాదం. మొదటి రోజు అయిదో వంతు పని, రెండో రోజు ఇంకో అయిదో వంతు... ఇలా పెంచుకుంటూ పోవాలి. మందు కొట్టే పని తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించాలి. గాలికి ఎదురుగా కొట్టకూడదు. తాగే నీళ్లు మందుకు దూరంగా, మూత పెట్టి ఉంచాలి. ఇంటికి రాగానే ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా, మీరు చేతికి తొడుగులు వేసుకుని విడిగా ఉతకాలి.

ఈ గుర్తులు కనిపిస్తే...

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, పిక్కలు పట్టెయ్యడం... ఇవి మొదటి హెచ్చరికలు. వెంటనే పని ఆపి, కవచం విప్పి, నీడలో పడుకోబెట్టి నీళ్లు తాగించాలి.

మాట తడబడుతున్నా, పొంతనలేకుండా మాట్లాడుతున్నా, నడక తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. ఒళ్లు 40 డిగ్రీలకు, అంటే మన జ్వరమానిలో 104కు చేరిందన్నమాట. చెమట పడుతోంది కాబట్టి ఫర్వాలేదనుకోకండి. ఇలాంటి పనివాళ్లకు వడదెబ్బ తగిలినా చెమట పట్టే ఉండొచ్చు. 108కి ఫోన్ చెయ్యండి. వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోకండి. బట్టలు తీసేసి ఒళ్లంతా నీళ్లు పోస్తూ, విసరండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు మూటలు పెట్టండి. నిమిషం కూడా వృథా చెయ్యకూడదు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వెయ్యకండి. ఇది జ్వరం కాదు, మాత్రకు తగ్గదు, పైగా హాని చేస్తుంది. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే ఎండ తగలదనే నమ్మకం మనలో ఉంది. ఆ ఉల్లిపాయను అంబలిలో తరిగి వెయ్యండి, మంచిది. దాన్ని జేబులో పెట్టుకుని ధైర్యంగా ఉండటం మాత్రం వద్దు.

‘ఇన్నేళ్లుగా చేస్తున్నాం, మాకేం కాదులే’ అంటారు మగవాళ్లు. ఉక్కగా ఉందని చెబితే చులకనైపోతామని నోరు విప్పరు కూడా. అందుకే మనమే అడగాలి. ఎన్నిసార్లు ఆగారు? ఎన్ని నీళ్లు తాగారు? కోటు విప్పేశారా? రోజూ సాయంత్రం ఈ మూడు ప్రశ్నలూ అడగడం అలవాటు చేసుకోండి. ఈ ఆదివారం ఆ పాత బనియన్ బయటికి తియ్యండి. ఒక పూట కుట్టుపని, ఫ్రీజర్లో ఒక పళ్లెం చోటు... ఇంతే కదా! ఎండలు ముదిరేలోగా తయారుచేసి ఉంచండి మరి!